కట్టుకథ

మూడో రోజుకి నా కాళ్ళు
నవల సంగతి మర్చిపోయాయి.
వాటి గొడవ వాటిది: ఎడమ మడమ మీద బొబ్బ,
కుడి బూటులో ఎక్కడో ఒక్క ఇసుక రేణువు,
ఎన్నిసార్లు దులిపినా మళ్ళీ అక్కడే.

ఒక పక్క పొటోమాక్ నది, బురదరంగులో, తన మానాన తాను.
ఒక పక్క కాలువ.
కాలువ అనాలంటే నీళ్ళుండాలి కదా.
నాచు, విరిగిన కొమ్మలు,
ఒక తాబేలు, దాని వీపు మీద ఇంకో తాబేలు.
రెంటి నడుమా ఈ కట్ట.
బొగ్గు పడవల్ని లాగుతూ కంచరగాడిదలు
తొక్కీ తొక్కీ రాయి చేసిన కట్ట.
ఇప్పుడు దీని మీద సైకిళ్ళు, కుక్కలు, నేను.

నా సంచిలో మూడు అధ్యాయాలున్నాయి.
మూడోదాంట్లో అల్మీడా అనే ఏడేళ్ళ పిల్ల
గాడిదల పక్కనే పరుగెడుతుంది,
జుట్టు విరబోసుకుని, చేతిలో మొక్కజొన్న కంకితో,
గాలికి పుట్టిన బిడ్డలాగా.
ఆ వాక్యం మీద నాకు మమకారం.
మిగతా రెండు అధ్యాయాలూ
దాని దగ్గరికి నడిచి రావడానికే రాశానేమో.

మధ్యాహ్నం ఒక లాకు దగ్గర
సున్నం కొట్టిన రాతి ఇంటి వాకిట్లో
వెర్లా స్టాటిల్‌మైయర్, ఎనభై ఆరేళ్ళు,
మడత కుర్చీలో కూర్చుని పాపా పండు కోస్తోంది.
చెంచా నాకే ఇచ్చేసింది, తాను వేళ్ళతో తింది.
అరటిపండూ మామిడిపండూ కొట్లాడుకుని
రాజీపడ్డ రుచి.
"నీ కథలో పిల్ల ఏం చేస్తుంది?" అంది.
"పరుగెడుతుంది."
గింజ ఉమ్మేసి, చెయ్యి లంగాకి తుడుచుకుని
చాలాసేపు నవ్వింది.

"మా అమ్మమ్మ పడవ మీదే పుట్టింది.
తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నడుముకి తాడు.
రెండో కొస పడవ మీద ఇనప రింగుకి.
ఎనిమిదడుగులు.
తిండీ ఆటా జ్వరమూ అన్నీ ఆ ఎనిమిదడుగుల్లోనే.
తమ్ముణ్ణి ఒక పూట కట్టడం మర్చిపోయారు.
ఒక్క పూటే.
వాడి పేరు మా ఇళ్ళల్లో మళ్ళీ ఎవరికీ పెట్టలేదు."
ఆ పేరేంటని నేనడగలేదు.
రచయితని కాబట్టి అడగాలి. అడగలేదు.

వచ్చేటప్పుడు లాకు మూల రాయి చూపించింది.
తాళ్ళు ఒరుసుకుని ఒరుసుకుని కోసిన గాడి.
చూపుడువేలు పెడితే
రెండో కణుపు దాకా దిగింది.
రాయికే ఇంత లోతైతే.

రాత్రి గుడారం. నది అవతల గూడ్సు బండి
ఎంతకీ అయిపోదు,
ఈ కాలువ పొట్ట కొట్టిన రైలు వంశమే.
టార్చి వెలుగులో ఆ వాక్యాన్ని కొట్టేశాను.
కట్టుకథ, కట్టుకథ అని ఇన్నాళ్ళూ అన్నాను,
అందులో కట్టు ఉందని ఒక్కసారీ తట్టలేదు.

తెల్లారి గుడారం తాడు ఎనిమిదడుగులు కొలిచి
ఒక కొస నడుముకి కట్టుకున్నాను,
ఒక కొస సికమోర్ చెట్టుకి.
సైకిలు మీద పోతున్న ఒకాయన ఆగి
బాగానే ఉన్నావా అని అడిగాడు.
బాగానే ఉన్నానన్నాను.

మొదట నడిచాను. తాడు గుంజింది.
గుండ్రంగా తిరిగాను. చెట్టుకి చుట్టుకుపోయాను.
తర్వాత కూర్చున్నాను.
ఒక చీమల బారు. తెల్ల పుట్టగొడుగు, దాని అంచున కొరికిన గాటు.
బురదలో పక్షి కాలి గుర్తులు
వచ్చినవే గాని వెళ్ళినవి లేవు.
పరిగెత్తే పిల్లకి ఇవి కనపడవు.
అల్మీడాకి పడవ చెక్కల్లో
ఏ మేకు వదులో తెలుసు,
ఏ గాడిద అలిసిపోయిందో
దాని డెక్కల చప్పుడు బట్టి తెలుసు,
నీళ్ళు ఎంత దగ్గరో
అమ్మ కంటే బాగా తెలుసు.

మంచుకి తడిసి ముడి బిగిసింది.
విప్పడానికి గోరు విరిగింది.
విప్పాక కూడా కాసేపు
తాడు అందినంత మేరలోనే
అటూ ఇటూ తిరిగాను.