సుక్క పొడిసేదాక

ఆగస్టు ఆఖరు. హిద్ద్ రేవు.
రాత్రి రెండింటికి గూడ
పడవ చెక్క మీద అరికాలు ఆనది.
గాలి లేదు. చెమట ఆరదు, కారదు,
తడిసిన గోనెసంచి లెక్క ఒంటిని పట్టుకొని ఉంటది.

తొమ్మిది మంచు దిమ్మెలు ఏసుకొని బయలెల్తం.
మొదటి చేప కంటె ముందే మూడు కరిగిపోతయ్.
నోఖదా ఘానిం లెక్కపెట్టేది దిమ్మెల్నే,
చేపల్ని తర్వాత.

ఒడ్డెంట నీళ్లు వార్చిన గంజి.
సాఫీ చేపలు లోతుకు దిగినయ్.
హమూర్ బండల సందుల మూతి దాసుకున్నది.
తీగల గర్గూర్ పైకి గుంజితే
సగం తెల్లకడుపులు,
ఆకలి మీదున్న పీతలు రెండు,
ఎవడో తాగి పారేసిన గాజు సీసా.

"నీరు ఉడికిపోనాది రా ఓదెలూ,
ఉప్పేసి మరీ పులుసు కాసీసినాది సముద్రం"
అంటడు దానయ్య.
ఆయనది భావనపాడు. అల మీదనే పుట్టిండు.
తాడు మీద బొటనవేలు పెట్టి
అడుగున ఇసుకనో రాయో చెప్తడు.

నాది ధర్మపురి దిక్కు. గోదారి.
నేనెరిగిన నీళ్లు తాగే నీళ్లు.
దూపైతే తెప్ప మీంచి వంగి దోసిలి పట్టుడే.
ఈడికొచ్చిన మొదటి దినం
అలవాటు కొద్దీ వంగిన.
రేవంత నవ్వింది.
నాలుగేండ్లాయె. ఇప్పటికీ
చెయ్యి వంగబోయి ఆగుతది.

ఈ దినాలల్ల అక్కడ ఎర్రనీళ్లు.
డ్యాం గేట్లు ఎత్తుతరు.
రవ్వలు, బొచ్చెలు ఎదురెక్కుతయ్,
కొర్రమట్ట మడికట్టు దాటి
బురదల పాక్కుంట పోతది.
మా చిన్నాయిన మాత్రం
ఇసురువల కొయ్యకేసి కూసునేటోడు.
"అగస్త్యుడు పొడిసేదాక ఆగుర్రి.
నీళ్లు తేటపడ్డంక చేప మనల్ని జూస్తది,
మనం చేపను జూస్తం.
అప్పుడు తేలుతది ఎవనికి తెలివున్నదో."
వరదల దొరికేదాన్ని ఇడిసిపెట్టి
ఈ తెలివేందని నవ్వుకునేటోణ్ని.

ఘానిం నోట గూడ ఒక్కటే మాట, సుహైల్.
దక్షిణం దిక్కు చెయ్యి జాపుతడు.
సుహైల్ రానీ, నీళ్లు సల్లబడతయ్,
కనద్ గుంపులు దిగుతయ్.
కనద్‌ను దానయ్య కోనెం అంటడు.
నేను బాకీ అంట.

నిన్న రాత్రి
ఉత్తరాన ఒక తావుల ఇంజిన్ ఆపిండు.
గుర్తుకు చిన్న డబ్బా గూడ తేలి లేదు.
"కింద తియ్యటి ఊట ఉండె.
మా తాత తోలుసంచి కట్టుకొని దిగేటోడు,
సముద్రం అడుగుకెల్లి
తాగే నీళ్లు తెచ్చేటోడు.
ఊరు బోర్లేసింది. ఊట పోయింది."
సగం హిందీ, సగం చేతులు.

గర్గూర్ తాడు చిక్కువడ్డదని సాకు జెప్పి
నేను దిగిన. సీసా నడుముకు దోపుకున్న.
మూడు బారల కింద
పాదానికి ఏదో సల్లగ తాకింది.
అరచెయ్యంత. అంతే.
మూత తీసి మళ్ల పెట్టిన.

పైకొచ్చి, తీపి, అన్న.
దానయ్య ఒక గుక్క పట్టి ఊసిండు.
"ఉప్పే గదరా. మతి గాని పోనాదేటి?"
ఘానిం పుక్కిట పట్టుకొని
చాన సేపు నిలవడ్డడు.
మింగిండో లేదో చీకట్ల తెల్వలె.
మూత బిగించి
సీసాను మంచు పెట్టెల పెట్టిండు.

ఆ తాడుకున్న గర్గూర్‌ల
పదకొండు షేరీలు, అన్ని పాణంతోని,
చెక్క మీద ఎగిరి ఎగిరి దంచినయ్.

తెల్లారగట్ల దక్షిణాన,
నీళ్లకు జానెడెత్తున ఒక వణుకు.
"అదేటి, పడవ దీపమా?"
కాదు. అగస్త్యుడు.
దానయ్య కండ్లు చికిలించి జూసిండు.
"సముద్రం మొత్తం తాగీసినోడే గదేటి?
అయితే ఆయన్నే అడుగు,
తీపో, ఉప్పో."

ఘానిం ఎనక్కి తిరగలె.
వంగి దిమ్మెలు లెక్కపెడుతున్నడు.
ఒకటిన్నర.
సీసా గాక.