మొహమాటం

బరేరో రేవులో ఆరున్నర పడవ.
గేటు దగ్గర ఫిలొమెనా
అలవాటు కొద్దీ చెయ్యెత్తింది.
వేలు ముక్కు దాకా వెళ్లి,
అక్కడ పనేం లేదని తెలిసి,
జుట్టు సర్దుకుని కిందికి దిగింది.

రాత్రే వచ్చింది ఉత్తర్వు.
నిన్నటిదాకా జరిమానా,
ఈ పూట నుంచి ఎవరిష్టం వాళ్లది.
స్తంభానికి అంటించిన బొమ్మని,
నీలం గుండ్రంలో మాస్కు కట్టిన తలని,
గోటితో గీకింది.
సగమే ఊడింది.
కళ్లు మిగిలాయి.

రెండేళ్లుగా ఆమె పడ్డ తిట్లు
తేజో నదిలో కుమ్మరిస్తే
పడవ జానెడు పైకి లేస్తుంది.
"తాగుతున్నాగా, కనపట్లేదా" అంటూ
ఒక్క కప్పు కాఫీని
లిస్బన్ దాకా చప్పరించినవాళ్లు,
గడ్డానికి తగిలించుకుని
చట్టాన్ని పాటించినవాళ్లు.
ఒకామె ఆస్తమా అంది.
అబద్ధమనుకుని దింపేసింది.
ఆమెకి నిజంగానే ఆస్తమా.

ఇవాళ అందరికన్నా ముందు అబీలియు.
ఓడల యార్డులో వెల్డింగు చేసి రిటైరైనవాడు.
"నా ముక్కుతో సర్కారుకేం పని?" అని
రోజూ పడవంతా వినపడేలా అరిచినవాడు.
బోసి మొహంతో వచ్చాడు,
గెలిచినవాడిలా నవ్వుదామని.
నవ్వితే తెలిసింది,
పై వరసలో ఒక పన్ను లేదు.
ఎప్పుడు పోయిందో ఎవరు చూశారు గనక?
చప్పున పెదవులు మూసుకున్నాడు.

వెనకాల చేపల జుల్మీరా,
నెత్తిన గంప, మొహాన మాస్కు.
"తియ్యవా?"
"ఎందుకూ? అప్పులవాళ్లు గుర్తుపట్టరు,
చలికాలం వెచ్చగా ఉంటుంది,
మూతి మీద మీసం
దాని మానాన అది పెరుగుతుంది."
నవ్విందనే అనుకోవాలి,
కళ్ల పక్క గీతల్ని బట్టి.

కుర్రాడు టొమే
వాళ్లమ్మకి ఎదురుగా కూర్చున్నాడు.
ఆమెకి వినపడదు. పెదవులు చదువుతుంది.
ఇన్నాళ్లూ పాత టికెట్ల వెనక
పెన్సిలుతో మాట్లాడుకున్నారు.
ఇవాళ ఏదో అన్నాడు,
చాలా మామూలు మాటే అయ్యుంటుంది,
గొడుగు మర్చిపోయావనో, తాళం ఎక్కడనో.
"మళ్లీ అను" అంది.
అన్నాడు.
"మళ్లీ."

పై డెక్కు మూల
ఒకాయన, మాస్కు మీద మాస్కు.
పక్కన కూర్చోబోయిన అమ్మాయి
ఆయన్ని చూసి సంచిలో వెతికింది.
దొరకలేదు.
లేచి దూరంగా వెళ్లింది.
అది ఆయనకి మర్యాదో అవమానమో
కళ్లు చెప్పలేదు.
కళ్లు అన్నీ చెబుతాయన్నది
రెండేళ్లూ మనకి మనం చెప్పుకున్న అబద్ధం.

తీసినవాళ్ల చూపు: ఇంకా భయమేనా?
ఉంచుకున్నవాళ్ల చూపు: అప్పుడే మర్చిపోయావా?
కానీ పడవ నిండా ఉన్నది మూడో రకం.
జేబులో చెయ్యి పెట్టి
మడతలు తడుముకుంటూ
పక్కవాడేం చేస్తాడా అని చూస్తున్నవాళ్లు.
చట్టం రాత్రికి రాత్రి పోతుంది,
మొహమాటం పోదు.
మాటలోనే చూడండి,
మొహం పక్కన ఒక మాటు పొంచి ఉంది.

ఫిలొమెనా మాత్రం తియ్యలేదు.
జబ్బంటే భయం కాదు.
"తిట్టినవాళ్లెవరికీ నా మొహం తెలీదు.
రేపు కూరగాయల బజారులో
వాళ్ల పక్కనే నిలబడి బేరమాడగలను.
ఈ ఉద్యోగం నాకిచ్చిన అలవెన్సు
అదొక్కటే."

సాయంత్రం ఆఖరి పడవకి
అబీలియు తిరిగొచ్చాడు, మాస్కుతో.
"గాలి చల్లగా ఉంది" అన్నాడు.
ఆగస్టు నెల. ఆకు కదలడం లేదు.
ఆమె ఏమీ అనలేదు,
కానీ మాస్కు ముక్కు కిందికి జారి ఉంది.
ఆమె వేలు దానంతట అదే లేచింది.
అతను గబగబా పైకి లాక్కున్నాడు,
రెండేళ్లలో మొదటిసారి, మారు మాట లేకుండా.

చట్టం లేదన్న సంగతి ఇద్దరికీ
పడవ కదిలాక గుర్తొచ్చింది.