ఆరంకెలు

నా ఉద్యోగం పేరే మిత్ర.
గుంటూరు కొత్తపేటలో, ఆసుపత్రి మెట్లెక్కగానే ఎడమ పక్క
మందుల షాపుకీ లిఫ్టుకీ మధ్య
ఒక బల్ల, ఒక కంప్యూటరు, వేలిముద్రల పెట్టె,
తిరగని ఫ్యాను కింద నేను.

ఎండలు ముదిరే వేళకి పథకం మారింది.
ట్రస్టు పోయి కంపెనీ వచ్చింది.
గోడమీది పాత బొమ్మ గీకి కొత్తది అంటించారు,
జిగురు ఆరకముందే రూల్సు మళ్ళీ మారాయి.
నాకు రెండు గంటల ట్రైనింగు, ఒక సమోసా.
"ఇక అంతా సులువు" అన్నాడు టై కట్టుకున్న కుర్రాడు.
కొన్ని సులువయ్యాయి, అబద్ధమెందుకు,
తెనాలి పెద్దాయన తుంటి ఆపరేషనుకి
మూడో రోజే అనుమతొచ్చింది,
వెనకటికైతే మూడు వారాలు.
వెళ్తూ వెళ్తూ నా బల్లమీద జామకాయలు పెట్టిపోయాడు.

ఆ మంగళవారం సామ్రాజ్యం వచ్చింది.
పేరు కొడుతుంటే నవ్వొచ్చి ఆపుకున్నాను.
కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడాలు తీస్తుంది,
ఆమె ఇంకా బల్ల దగ్గరికి రాకముందే నాకు మూడు తుమ్ములు.
మొగుడు ఏసుపాదం యార్డులో టిక్కీలు మోస్తాడు,
వీపున బరువుండగానే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు.
"టిక్కీ మాత్రం పగల్లేదు బాబూ."
ముందు ఆ మాటే చెప్పింది.

కార్డు ఆమె పేరున. వేలు పెట్టమన్నాను.
ఎర్ర దీపం.
మళ్ళీ. మళ్ళీ ఎర్రదే.
కొబ్బరినూనె రాసి, కొంగుకి తుడిచి,
చూపుడు వేలు, ఉంగరం వేలు, ఎడమ చెయ్యి...
పద్దెనిమిదేళ్ళ ఘాటు ఆ గీతల్ని తినేసింది.
మిషను లెక్కలో ఆమె లేదు.
నా ఎదురుగా చెమటలు కారుతూ నిలబడి ఉంది,
లేదు.

పోనీ ఓటీపీ పంపుదామంటే
కార్డులో ఉన్న సిమ్ము ఎప్పుడో పోయిందట,
రేటు పడి పన్లు లేని ఏడాది
రీచార్జి చేయించలేక వదిలేసిందట.
ఎవరో ఒకరి జేబులో మోగుతుంది కదా అని
చేశాను.

నరసరావుపేట. వెనక ఇనుప చప్పుడు. పంచర్ల కొట్టు. పేరు బాజీ.
"అన్నా, నీ ఫోనుకి ఆరంకెలొస్తాయి, కాస్త చెప్పు."
"ఏందీ, పొద్దున్నే నేనే దొరికానా?
ఎవడికీ చెప్పొద్దని ఫోనే రోజూ మొత్తుకుంటంది."
పెట్టేశాడు.
నిజమే. నేనైనా పెట్టేసేవాణ్ణే.

సామ్రాజ్యం నా చేతిలోంచి ఫోను తీసుకుంది.
అంతా వినలేదు, వెనక లైను పెరుగుతోంది.
"నీ నంబరు ఒకప్పుడు నాదయ్యా" అనడం విన్నాను,
"మా పిల్ల హాస్టల్లో చేరిన్రోజు ఏడ్చింది ఆ నంబరుకే" అనడం.
అవతల సుత్తి ఆగింది.

నాలుగు. సున్నా. తొమ్మిది. తొమ్మిది. రెండు. ఒకటి.

అనుమతి సాయంత్రం ఆరుంబావుకి.
ఒక స్టెంటు కంపెనీది.
రెండోది ప్యాకేజీలో లేదని రాసి పంపారు,
ఆ కాగితం ప్రింటు తీసింది నేనే.
మర్నాడు ఆమె చెవులు బోసిగా ఉన్నాయి.
నేను అడగలేదు.
బస్సు ఛార్జీలు, ఇడ్లీలు, రెండు నెలల కూలి,
వీటికి మా సాఫ్టువేరులో గడి లేదు.
నాక్కూడా లేదనుకోండి,
నా జీతం గీత దాటింది, పదకొండు వందలతో.

డిశ్చార్జికి మళ్ళీ ఆరంకెలు.
నెలనెలా చెకప్పుకి మళ్ళీ.
సచివాలయానికెళ్ళి నంబరు మార్పించుకోమ్మా,
ఒక్క ఫారం చాలంటే
"చూద్దాంలే బాబూ" అంటుంది,
మూడు నెలలుగా చూస్తూనే ఉంది.

ఇప్పుడు నేను చెయ్యక్కర్లేదు.
అంకెలు పడగానే బాజీయే చేస్తాడు,
పంపు కొట్టే ఆయాసంతో:
"మా ఏసుపాదం వచ్చాడా అన్నా?
ఈసారి రెండు ఏడులు పడ్డయ్,
మంచిదేగా?"