ముందరి కాళ్ళు, వెనక కాళ్ళు

కీత్లీ టౌన్ హాల్లో మంగళవారం మీటింగుకి
మినిట్స్ రాయడం నా ఉద్యోగం.
ఎవరేమన్నారో రాయాలి.
ఎందుకన్నారో అక్కర్లేదు.

ఆ సాయంత్రం ఒకే మాట ఆరుసార్లు రాశాను:
హామ్‌స్ట్రంగ్.
బడ్జెట్ వల్ల హామ్‌స్ట్రంగ్, లండన్ వల్ల హామ్‌స్ట్రంగ్,
కాబట్టి చక్రాల కుర్చీలు ఎక్కించుకునే బస్సు
వచ్చే నెల నుంచి తిరగదు.

పందిమాంసమూ దారమూ కలిపి
ఇదేం వంటకమో అనుకున్నాను.

టీ వేళ క్లిఫర్డ్ అంబ్లర్ని అడిగితే నవ్వాడు.
ఎనభై ఒకటి. నలభై ఏళ్ళు గుర్రాలకు లాడాలు కొట్టినవాడు.
చేతికర్రతో తన మోకాలి వెనక గుంట చూపించాడు.
"హామ్ అంటే మొదట ఇది. పంది తర్వాత వచ్చింది.
ఇక్కడ తాళ్ళుంటాయి, తడిమి చూడు, నీకూ ఉన్నాయి.
వెనకటికి, ఓడినవాడి గుర్రాన్ని చంపేవాళ్ళు కాదు,
ఈ తాడు తెంపి పోయేవాళ్ళు.
బతికే ఉంటుంది.
లేవదు."
టీలో విరిగిపడ్డ బిస్కట్టుని చెంచాతో వెతుక్కుంటూ
వ్యాకరణం కూడా చెప్పాడు:
హామ్‌స్ట్రింగ్డ్ అనాల్సిందిట అసలు,
జనం నోళ్ళలో పడి అలా వంగిందిట.

బల్ల కింద, ఎవరూ చూడకుండా, తడుముకున్నాను.
నిజమే.
వీణ తీగల్లా అని రాయబోయి మానుకున్నాను.
బిగించిన నులకలా ఉన్నాయి.

మనకీ ఒక మాటుంది, ముందరి కాళ్ళకు బందం.
ఒంగోలు స్టేషన్ బయట మస్తాన్ సాయిబు
జట్కా విప్పి గుర్రాన్ని గడ్డికి వదిలేముందు
ముందరి కాళ్ళు రెండూ పాత నవారుతో కట్టేవాడు.
అది గెంతుకుంటూ, విసుక్కుంటూ మేసేది.
తెల్లారి ఆయనే వంగి ముడి విప్పేవాడు,
ముడి బిగుసుకుపోతే పళ్ళతో.
వీళ్ళది వెనక కాలు.
వీళ్ళది కత్తి.

మళ్ళీ లోపలికెళ్ళాం.
కౌన్సిలరమ్మ ఏడోసారి అంది: మేం హామ్‌స్ట్రంగ్.
ఎంత నున్నటి వాక్యం!
కోసిన చెయ్యి ఎక్కడా కనబడదు,
గుర్రమే లేచి మాట్లాడుతున్నట్టుంటుంది.

వెనక వరసలో మోయ్రా షటిల్‌వర్త్
తన చక్రాలకు బ్రేకు వేసుకుని చెయ్యెత్తింది.
"మీరు నడిచే వచ్చారుగా ఇక్కడికి?"

ఎవరో దగ్గారు.
రేడియేటర్ టిక్కుటిక్కుమంది.
అజెండాలో లేని ప్రశ్న, మినిట్స్‌లోంచి తీసేయమన్నాడు చైర్మన్.

తీసేశాను, నా ఉద్యోగం అది.
ఒకే ఒక్క గీతతో, సన్నగా,
కింద అక్షరాలు కనబడేలా.