గోడ అవతలి తీగ

మొదటివాడు ఫోన్‌లోనే ధర చెప్పేశాడు,
నాడి పట్టకుండా మందు రాసిన వైద్యుడిలా.
రెండోవాడు అడ్వాన్సు పుచ్చుకుని
వరండాలో ఒక నిచ్చెన వదిలి మాయమయ్యాడు.
మూడు వారాలుగా దాని మూడో మెట్టు మీద
మా పిల్లి నిద్రపోతోంది.

మూడో మనిషి పేరు యెసెనియా.
హార్డువేర్ కొట్టు ముసలాయన
మేకులు పొట్లం కట్టే కాగితం చింపి
నంబరు రాసిచ్చాడు:
"మాట్లాడదు. ఆలస్యంగా వస్తుంది.
కానీ వస్తుంది."

వల్పరాయిసో రేవు నుంచి నూట నలభై మెట్లు
భుజాన సంచితో ఎక్కి వచ్చింది.
అడగకముందే లైసెన్సు కార్డు చూపించింది.
కళ్ళద్దాల్లేక నాకు ఫొటో ఒక్కటే కనబడింది,
చదివినట్టే తలూపాను.

ఫ్యూజులో తీగకు బదులు
మడిచి పెట్టిన చాక్లెట్ రేకు.
"ఎవరు పెట్టారిది?"
"మా ఆయన."
"ఉన్నారా?"
"పోయి నాలుగేళ్ళు."
"దీనివల్లేనా?" అంది, మొహం మార్చకుండా.
ఆ చావు గురించి నన్ను నవ్వించిన
మొదటి మనిషి ఆమె.

ఈ కొండ మీద ఇళ్ళన్నీ చెక్కవి, పైన రేకు తొడుగు.
ఒక నిప్పురవ్వ, కాస్త దక్షిణపు గాలి,
అంతే, వీధి పేరు మాత్రం మిగులుతుంది.
అందుకే పిలిచానని చెప్పాను.
అసలు సంగతి బిల్లు.
రెండు బల్బులు, ఒక కెటిలు, ఒక ఫ్రిజ్,
ఒంటి మనిషికి
ఆరుగురు పిల్లల ఇంటి బిల్లు.

ఆమె అన్నీ ఆపింది.
ఫ్రిజ్ గురక ఆగింది.
మీటరులో చక్రం మాత్రం
ఎవరింటికో నడిచి వెళ్తున్నట్టు
నింపాదిగా తిరుగుతూనే ఉంది.

బీరువా జరిపి గోడ తెరిచాం.
మట్టి, గడ్డి, పాత వార్తాపత్రికలు,
వాటి మధ్య పసుపు తీగ ఒకటి.
జానెడు జానెడుకూ క్లిప్పు.
చివర, టగ్‌బోటు తాళ్ళకు వేసే ముడి.

రిగోబెర్తో ముడి.
ఇంట్లో ఒక్క మేకు తిన్నగా కొట్టని మనిషి
ఆ తీగను స్కేలు పెట్టి గీసినట్టు వేశాడు.

అవతల దోన్యా ఎదువీహిస్ ఇల్లు.
రేవులో పనులు పోయిన ఏడాది
ఆమెకు కరెంటు కోశారు.
వారం తిరక్కుండా దీపం వెలిగింది.
అప్పు తీర్చిందనుకుని, సంతోషం పట్టలేక,
నేనే వేడి రొట్టె పట్టుకెళ్ళాను.
నా వెలుతురులోనే కూర్చుని
ఎంత బాగుందో అన్నాను.

యెసెనియా కటింగ్ ప్లేయర్ తెరిచి పట్టుకుంది.
"కోసేయనా?"

గోడ అవతల రేడియో.
కప్పులో చెంచా తిరిగే చప్పుడు.

"కోస్తే ఎంత?"
"దానికేముంది, ఊరికే."
"ఉంచితే?"
"ఇలా ఉంచితే ఇల్లు కాలుతుంది.
కాలకుండా ఉండాలంటే కొత్త తీగ, బ్రేకరు.
బిల్లులో రాయలేను. అసలు చెయ్యకూడదు."
ముక్కు తుడుచుకుంది.
"నేనైతే చూడలేదు."

చాలాసేపు పట్టింది నాకు.
పిల్లి వచ్చి గోడలోకి తొంగి చూసి పోయింది.
"కొత్త తీగే వెయ్యి," అన్నాను,
"దానికో స్విచ్ పెట్టు.
నా వైపు. మంచం పక్కన.
పడుకుంటే చెయ్యి అందాలి."

ఏమీ అనలేదు. డ్రిల్లు తీసింది.
పోతూ పోతూ ఆ నిచ్చెన ఎవరిదని అడిగి,
పేరు చెబితే,
తెలిసినట్టు ఉమ్మేసింది.

రెండు నెలలు ఆ స్విచ్ ముట్టుకోలేదు.
దుమ్ము తుడిచేదాన్ని, జాగ్రత్తగా,
నిద్రపోతున్నవాడి మొహం తుడిచినట్టు.

నిన్న రాత్రి గాలి ఎక్కువగా ఉంది.
నొక్కాను.

రేడియో మాట మధ్యలో తెగింది.
కుర్చీ జరిగింది.
ఏదో గాజుది తగిలి దొర్లింది.
తర్వాత గోడకు దగ్గరగా,
చాలా దగ్గరగా,
భయం లేని గొంతు, కాస్త విసుగ్గా,
అలవాటుగా:

"రిగో?"

ఆమె కూడా వచ్చింది కదా శ్మశానానికి.
పువ్వులు తెచ్చింది. నన్ను పట్టుకుని నిలబడింది.

చీకట్లో నేనూ జవాబు కోసం ఆగాను.

తర్వాత
దీపం వేశాను.