కొసరు లేని కొలత

కిసుములో కరెంటు పోయి గంటైంది.
జెరోటిచ్ ఫోను లైటు ముందు నీళ్ళ సీసా నిలబెట్టింది,
గోడలన్నీ సరస్సు అడుగులా ఊగుతున్నాయి.
"నలభై రెండు," అంది.
"డిజాక్సిన్ ఇచ్చే వేళయింది. నాడి యాభై రెండు. ముందు ఏం చేస్తావు?"
ఇవ్వను. ఆపి, డాక్టరుకి చెబుతాను.
"నిమిషం పూర్తిగా లెక్కపెట్టావా,
పదిహేను సెకన్లని నాలుగుతో గుణించావా?"
పుస్తకంలో లేనివి కూడా అడుగుతుంది తను.
అందుకే తనంటే భయం,
అందుకే తన పక్కనే కూర్చుంటాను.

మా అమ్మ సరస్సొడ్డున ఒమేనా చేపలమ్ముతుంది.
గోరోగోరో డబ్బా నిండా పోసి, గుట్ట కట్టి,
అది జారేలోపు ఇంకో గుప్పెడు పైన వేస్తుంది.
కొసరు వెయ్యని చేతికి రెండో బేరం రాదంటుంది.
ఆ చేతికింద పెరిగినదాన్ని నేను.
ఇప్పుడు సిరంజి కంటికెదురుగా ఎత్తి
ఒక్క గీత దగ్గర ఊపిరి బిగబట్టడం నేర్చుకుంటున్నాను.
మందుకి కొసరుండదమ్మా, అన్నానొకసారి.
"పిసినారి మందులేమో," అని నవ్వింది.

సున్నా కూడా అక్కడ వేరే.
అమ్మ లెక్కల్లో సున్నా అంటే సాయంత్రానికి ఏమీ మిగల్లేదని.
ఇక్కడ చుక్కకి ముందు సున్నా రాసి తీరాలి,
చివర మాత్రం అంటించకూడదు.
చుక్కదేముంది, ఈగ కాలంత.
మడతలో పడితే కనబడదు.
కనబడకపోతే అర అయిదవుతుంది,
మంచం ఖాళీ అవుతుంది.

"నలభై మూడు.
రోగిని గుర్తుపట్టడానికి ఏ రెండు ఆధారాలు?
ఎ, పేరూ మంచం నంబరూ.
బి, పేరూ పుట్టిన తేదీ..."

వెంటనే చెప్పలేకపోయాను.

రెండు నెలల కిందట, మగవాళ్ళ వార్డు.
కాగితం గిన్నెలో ఒక తెల్ల మాత్ర.
"మీరు ఓకోత్ గారేనా?"
"ఔను తల్లీ," అని నోరు కూడా తెరిచాడు తాత.
కిటికీ పక్క మంచం మీంచి ఇంకో గొంతు:
"ఓకోత్‌ని నేను కదా?"

వాన కురుస్తుండగా పుట్టిన మగపిల్లాడికి
మావాళ్ళు పెట్టే పేరది.
మాకు వానలు తక్కువా?

పుట్టిన తేదీ అడిగాను.
"సరస్సు ఇళ్ళలోకొచ్చిన ఏడు," అన్నాడొకాయన.
"నేనూ ఆ ఏడే," అన్నాడు రెండో ఆయన, కాస్త గర్వంగా.

సిస్టర్ నెకేసా కేకలెయ్యలేదు.
నా చేతిలో గిన్నె తీసుకుని పక్కన పెట్టింది.
"పేరు నువ్వు అందించకు, అపొండీ.
జ్వరంలో ఉన్నవాడూ, చెవుడున్నవాడూ,
ఉత్త మర్యాదస్తుడూ
అందించిన పేరుకి ఔననే అంటారు.
ఆయన నోటినే రానీ."
తర్వాత మణికట్టు పట్టీ మీది నంబరు
ఒక్కో అంకే పైకి చదివింది,
నేను చార్టులో వేలు పెట్టి వెంట నడిచాను.
మాత్ర కిటికీ పక్కాయనది.
నోరు తెరిచిన తాతకి
పొద్దుటి నాడి నలభై ఎనిమిది.

"నిద్రపోయావా?" అంది జెరోటిచ్.
బి, అన్నాను. పట్టీ నంబరు కూడా, అన్నాను.
"అది ఇందులో లేదు."
లేకపోతే రాసుకో.

రేకుల మీద ఒక చినుకు, నాలుగు, ఇంక లెక్కలేదు.
ఆసుపత్రి ప్రసూతి గదిలో ఈ వేళప్పుడు
ఎవరో ఒకరు పుడుతూనే ఉంటారు.
ఇంకో ఓకోత్.

"నలభై నాలుగు," అంది జెరోటిచ్,
వాన మీద వినబడేలా గొంతు పెంచి.