కాలమ్ పద్నాలుగు

కంపెనీ ఫారంలో కాలమ్ పద్నాలుగు:
దీవిలోని వారసత్వ స్థలాలు, సంఖ్యలో రాయవలెను.
ఇంటర్ దాకా చదివానని పెన్ను నా చేతికిచ్చారు,
రోజుకు ఆరొందలు, మధ్యాహ్నం సాంబారన్నం పొట్లం.

నత్తలదిబ్బ నుంచి తడ రేవుకి రెండు గంటల గెడ.
పడవలో ముగ్గురం.
అడుగు నీళ్ళు తోడిపోస్తా మస్తానమ్మ అడిగింది,
'ఎన్నని రాస్తావబ్బయా?'

గంగమ్మ రాయి ఒకటి. అది సులువు, వాళ్ళూ ఒప్పుకున్నారు.
చుట్టూ ప్రహరీ కడతారంట, టైల్స్ వేస్తారంట,
చమురు గొట్టాన్ని నూరడుగులు పక్కకి తిప్పుతారంట.
గోడ ఎరగదు గంగమ్మ.
కార్తీకంలో సరస్సు ఉబ్బితే మోకాళ్ళ దాకా మునిగి
రొయ్యని పిలుచుకొస్తదని మా లెక్క.
టైల్స్ మీద నిలబడి ఎట్టా పిలుస్తదో.

గుల్లసున్నం బట్టీ రాయనా? కాల్చినోళ్ళే లేరు.

తర్వాత పాడు.
ఏడాదికోసారి ఇంటింటి పేరూ తాటాకులో చుట్టి
కుండలో వేస్తారు.
ఇంకా మాటలు రాని బిడ్డ చేత తీయిస్తారు,
మాటలొస్తే పక్షం కూడా వస్తది గనక.
ఏ మడుగు ఎవరిది, ఏ రాత్రి ఎవరి వల,
అంతా చెంగయ్య మామ నులకతాడు ముడుల్లో ఉంటది.
నలభై ఏళ్ళలో ఒక్క తగువూ కోర్టు దాకా పోలేదు.
(పోయింది ఒకటి. అది వలకి కాదు, కోడికి.)

'ఇది స్థలం కాదు కదండీ' అన్నాడు ఇంజినీరు వీరవెంకటం,
లైఫ్ జాకెట్ తాళ్ళు బిగించుకుంటా.
మంచోడే. కోనసీమవాడు.
వాళ్ళ ఊరి పక్క బావి మీద గ్యాసు మంట
అతను పుట్టకముందు నుంచీ ఆరలేదంట.
'ఆ వెలుగులోనే టెన్త్ చదివానండీ,
కరెంటు బిల్లు లేని చదువు' అని నవ్వాడు.
కాసేపాగి,
'చీకటంటే ఏంటో హాస్టల్‌కెళ్ళాక చూశాను.
భయమేసి దుప్పటి ముసుగేసుకున్నాను.'

అప్పుడు తగిలింది నాకు.
రొయ్య కదిలేది వెన్నెల చచ్చాకే.
పాడు పంచేది నీళ్ళని కాదు, చీకట్లని.
ఆ మంట ఈడ లేస్తే
తాడుకి ముడులు దేనికి?

మస్తానమ్మ ఔననలేదు, కాదనలేదు.
ఆమె కోడలు సుబ్బరత్నం
పురిటినొప్పులతో ఈ పడవలోనే పడుకుంది, అమావాస్య నాడు.
రేవు ఎటుందో తెలీక
నాచులో నాలుగు గంటలు తిరిగారు.
బిడ్డ దక్కింది.
వంతెన వేస్తామన్న కాగితం మీద
దీవిలో మొదటి వేలిముద్ర మస్తానమ్మది.
పోయినేడు కుండలో చెయ్యి పెట్టింది
ఆ బిడ్డే.

గెడ పక్కన పెట్టి, ఫారం మోకాలి మీద పరిచి రాశా:
చీకట్లు. సంఖ్య, పన్నెండు.
అధికమాసం వస్తే పదమూడు.

వీరవెంకటం రెండుసార్లు చదివాడు. కొట్టేయలేదు.
తల గోక్కుని, ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు,
'దీనికి ఎన్ని అడుగులు ఎడం వదలమంటారు?'

మస్తానమ్మ డొప్ప దించింది.
దీవి కేసి చూసింది, రేవు కేసి చూసింది.
'ఆ వంతెనకి దీపాలు పెడతారా, పెట్టరా?
అడుగబ్బయా' అంది.
ఏ జవాబు కావాలో చెప్పకుండానే
మళ్ళీ నీళ్ళు తోడటానికి వంగింది.